పైడిపాయ రాజు పిలిచిన పెద్దలు

అనగా అనగా, మన తాతల తాతలకు కూడా తాతలు పుట్టని కాలంలో, కొండలకూ కడలికీ నడుమ చిలకేరు అనే ఏరు పారుతూ ఉండేది. ఆ ఏటి వెంబడి మూడు చిన్న రాజ్యాలు ఉండేవి.

ఏరు కొండ దిగే చోట కొండవాకిలి. ఆ కొండలు దాటాలంటే ఉన్న కనుమ అదొక్కటే. ఏరు కడలిలో కలిసే చోట మొగతీరం. అక్కడ ఓడలు ఆగే రేవు ఉండేది. ఆ రెంటికీ నడుమ, ఏటికి రెండు గట్లా పచ్చగా పరుచుకున్న వరిపొలాల దేశం పైడిపాయ.

పైడిపాయను గోకర్ణదేవుడనే రాజు ఏలేవాడు. మంచివాడే. కోతల రోజుల్లో తానే కళ్లాల దగ్గరికి వెళ్లి, కొత్త వడ్లు దోసిట పట్టి వాసన చూసి, పసివాడిలా మురిసిపోయేవాడు. తమ్ముడు సోమిదేవుడంటే ఆయనకు ప్రాణం. తల్లి చిన్నప్పుడే పోతే, ఆ తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తన కంచంలోనే అన్నం తినిపించి పెంచాడు.

ఆయనకు ఉన్న లోపమల్లా పంతం.

కొండవాకిలిని ఏలే మైలమదేవి ఆయనకు స్వయానా మేనత్త కూతురు. భర్త పోయాక రాజ్యభారం ఆమే మోస్తూ ఉండేది. ఒక ఎండాకాలం ఏటిలో నీళ్లు సన్నగిల్లినప్పుడు, కొండవాకిలివాళ్లు తమ పొలాలు తడిసేదాకా కాలువ తూము మూసిపెట్టారు. పైడిపాయలో నారుమళ్లు ఎండిపోయాయి. వానలు పడ్డాక తూము తెరిచారు గాని, పొరపాటైందని ఒక్క మాట కబురు చెయ్యలేదు. ఆనాటినుంచి ఆ రెండిళ్ల నడుమ రాకపోకలు ఆగిపోయాయి.

సోమిదేవుడు మాత్రం పడవెక్కి కొండవాకిలి వెళ్లి వస్తూనే ఉండేవాడు. అక్కడి తేనె పట్టేవాళ్ల ఇళ్లలో అన్నం తినేవాడు. వచ్చేటప్పుడు అన్నకోసం కుండెడు తేనె తెచ్చేవాడు.

"అన్నా, మైలమ వదిన నిన్ను అడిగింది. ఎలా ఉన్నాడు బావ అంది."

"అంత తెలుసుకోవాలనుంటే తానే రావచ్చుగా?" అనేవాడు గోకర్ణదేవుడు. తేనె మాత్రం తినేవాడు.

ఆ కాలంలో లోకమంతటికీ వజ్రకూటం పెద్ద దిక్కు. ఉత్తరాన ఉండే ఆ సామ్రాజ్యానికి ఏనుగులూ గుర్రాలూ లెక్కలేనన్ని. దాని మాటే శాసనం. అయితే దక్షిణ సముద్రంలో శంఖద్వీపమని ఒకటి తల ఎత్తింది. నిన్నమొన్నటిదాకా చేపలు పట్టుకున్న దీవి. ఇప్పుడు దాని ఓడలు లేని రేవు లేదు. వజ్రకూటం ముసలిదవుతూ భయపడుతోంది. శంఖద్వీపం ఎదుగుతూ తొందరపడుతోంది. ఆ రెంటి చూపూ చిలకేటి మీద పడింది.

మొదట వజ్రకూటం కదిలింది. కనుమ దాటి, ఏటి వెంబడి నడిచి, రేవు చేరి, శంఖద్వీపం ఓడలను అక్కడే అడ్డుకోవాలని దాని ఎత్తు.

మైలమదేవి వెంటనే పైడిపాయకు మనిషిని పంపింది. ఆ మనిషి ఆమె మాటలను ఉన్నవి ఉన్నట్టు చెప్పాడు.

"బావా, వజ్రకూటంవాళ్లు నన్ను దారి అడుగుతున్నారు. దారి ఇచ్చామంటే ఇక ఆ దారి మనది కాదు. కనుమ నేను కాస్తాను. నీ మనుషులూ నీ వడ్లూ నా వెనక ఉంటే చాలు. రేవు సంగతి మొగతీరం నాయకుడు చూసుకుంటానన్నాడు. ముగ్గురం ఒక్క మాట మీద నిలబడితే ఎవరి దండూ మన ఏటిలో కాలు పెట్టలేదు."

సభలో ఉన్న బొల్లనమంత్రి తల ఊపాడు. ఆయన గోకర్ణదేవుడి తండ్రి కాలంనుంచీ ఉన్నవాడు. "నిజమే చెప్పింది, ప్రభూ" అన్నాడు.

గోకర్ణదేవుడికి ఎండిన నారుమళ్లు గుర్తొచ్చాయి.

"నా పైరు మాడిపోయినప్పుడు ఈ ఒక్క మాట ఏమైంది? సాయం కావలసినవాళ్లు కబుర్లు పంపరు. గుమ్మానికి వచ్చి అడుగుతారు. వెళ్లి మీ రాణితో చెప్పు" అన్నాడు.

శత్రువు కనుమ ముందు కాచుకుని ఉన్నాడు. ఆ సమయంలో మైలమదేవి కోట వదిలి ఎలా వస్తుంది? రాలేదు.

వారం తిరగకుండా వజ్రకూటం రాయబారి కనుమ జోలికి పోకుండా, కొండలు చుట్టి కడలి దారిన పైడిపాయకు వచ్చాడు. తెల్లని పట్టుగొడుగు తెచ్చాడు. "మహామండలేశ్వరా!" అని పిలిచాడు. అంతవరకూ గోకర్ణదేవుణ్ణి ఎవరూ అలా పిలవలేదు.

"మా చక్రవర్తి మీ స్నేహం కోరుతున్నారు. తూర్పుగట్టున మా దండు దిగడానికి కాస్త మైదానం చూపించండి. అంతకంటే మాకేమీ వద్దు" అన్నాడు.

"దానికేం భాగ్యం!" అన్నాడు గోకర్ణదేవుడు.

పైడిపాయ అటు కలిసిందని తెలిశాక మైలమదేవి ఒంటరిదైపోయింది. పైడిపాయ వడ్లు రాక, ఆకలికి తాళలేక ఆమె మనుషులు కనుమ తెరిచారు. ఏనుగులు కొండ దిగి వచ్చాయి. వాటి మెడలో గంటలు మోగుతూ ఉంటే గోకర్ణదేవుడు గొడుగు కింద నిలబడి చూశాడు. ఎంతో వైభవంగా అనిపించింది.

ఆ వైభవం కోతలదాకానే నిలిచింది.

దిగిన దండు తినాలి కదా! వజ్రకూటంవాళ్లు తమ కుంచం తెచ్చారు. అది పైడిపాయ కుంచం కంటే చాలా పెద్దది. ఇకమీదట దానితోనే కొలవాలన్నారు. శంఖద్వీపం వర్తకులకు గింజ కూడా అమ్మకూడదన్నారు. కాస్త మైదానం అన్నది ఊళ్లు దాటి, తోపులు దాటి, తూర్పుగట్టంతా పాకి, పడమటి గట్టు మీదికీ వచ్చింది. కళ్లాల దగ్గరికి వెళ్లిన గోకర్ణదేవుణ్ణి ఒక కాపలావాడు ఆపి, "ఎవరు నువ్వు?" అని అడిగాడు.

ఆయన గొడుగు మూయించి ఇంటికి వచ్చాడు.

అప్పుడు మైలమదేవినుంచి రెండోసారి కబురొచ్చింది. ఈసారి తెచ్చినవాడు సోమిదేవుడే.

"అన్నా, వజ్రకూటం కడుపు మన వడ్ల మీద నిలబడి ఉంది. మనం వడ్లు దాచేస్తే, పైన వదిన కనుమ మూసేస్తే, ఇంటినుంచి తిండి రాక వాళ్లంతట వాళ్లే పోతారట. కష్టమే గాని అవుతుందంది. మొగతీరం నాయకుడు సరేనన్నాడు. నువ్వు ఒక్క మాట అంటే చాలు."

"ఆమె నన్ను చూసి నవ్వుకుంటూ ఉంటుంది" అన్నాడు గోకర్ణదేవుడు.

"లేదన్నా. ఏడ్చింది."

గోకర్ణదేవుడి మనసు ఒక్క క్షణం మెత్తబడింది. కాని మైలమదేవి ఎదుట నిలబడి, నువ్వు చెప్పిందే నిజమైంది అని ఒప్పుకోవాలి. ఆ మాట ఊహించుకోగానే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"చిన్నవాళ్లం ముగ్గురం కలిసి ఏనుగును తొయ్యగలమా? పెద్దవాణ్ణి పెద్దవాడే వెళ్లగొట్టాలి. నేను శంఖద్వీపానికి కబురు పంపుతున్నాను" అన్నాడు.

బొల్లనమంత్రి లేచి నిలబడ్డాడు. "ప్రభూ, వచ్చినవాడు పోవడానికి రాడు. చేతులెత్తి మొక్కుతాను, ఈ పని చెయ్యకండి."

"మీకు ముసలితనం వచ్చి భయం ఎక్కువైంది" అన్నాడు రాజు.

బొల్లనమంత్రి సభ వదిలి వెళ్లిపోయాడు. మర్నాటినుంచి సభకు రాలేదు.

శంఖద్వీపం నౌకాధిపతి నవ్వుముఖంవాడు, పెద్దమనిషి తరహా. "మేము వర్తకులం, మహారాజా. మాకు నీళ్లే నేల. మీ నేలతో మాకేం పని? పడమటి గట్టున ఒక రేవు, సరుకులకు ఒక గిడ్డంగి. అవసరం పడినప్పుడు ఒకరికొకరం సాయపడదాం" అన్నాడు. సాయమంటే వాళ్లు తనకు చేసేదనుకుని గోకర్ణదేవుడు ఒప్పుకున్నాడు.

శంఖద్వీపం ఓడలు మొగతీరం రేవును అడగకుండానే ఆక్రమించుకుని ఏటికి ఎదురు నడిచాయి. వజ్రకూటం దండు పడమటి గట్టు వదిలి వెనక్కి తగ్గింది. పైడిపాయలో వీధివీధినా తోరణాలు కట్టారు. ఆడవాళ్లు ఓడలవాళ్లకు హారతులు పట్టారు.

గోకర్ణదేవుడు తమ్ముడి భుజం తట్టి, "చూశావా?" అన్నాడు.

"చూశాను అన్నా. తూర్పుగట్టున వాళ్లు ఉన్నారు, పడమటి గట్టున వీళ్లు ఉన్నారు. మనం ఎక్కడున్నాం?" అన్నాడు సోమిదేవుడు.

గిడ్డంగికి గోడ వచ్చింది. గోడకు బురుజులు వచ్చాయి. వాళ్ల కుంచం ఇంకొక రకం.

ఇక మూడో దెబ్బ సంగతి చెప్పాలంటే నోరు రాదు.

రెండు సామ్రాజ్యాలకూ ఏటి రేవు దగ్గర యుద్ధం తప్పలేదు. కాని వజ్రకూటం తన మనుషులను పోగొట్టుకోదలచలేదు. కొండవాకిలివాళ్లను ముందు నిలబెట్టింది. శంఖద్వీపమూ అంతే. నౌకాధిపతి పైడిపాయ కోటకు వచ్చి, ఇంటికొక మనిషిని పంపమన్నాడు.

గోకర్ణదేవుడు నిర్ఘాంతపోయాడు. "అవతల ఉన్నది నా మేనత్త కూతురి మనుషులు! మా వియ్యాలవారు, మా చుట్టాలు!"

"అవసరం పడినప్పుడు సాయపడదాం అనుకున్నాం కదా, మహారాజా" అన్నాడు నౌకాధిపతి. కోపంగా అనలేదు. మరచిపోయినవాడికి గుర్తుచేసినట్టు నెమ్మదిగా అన్నాడు.

సోమిదేవుడు నడుముకు కత్తి కట్టుకున్నాడు. అన్న వాకిట అడ్డం నిలబడ్డాడు.

"నువ్వు వెళ్లడానికి వీల్లేదు, సోమీ."

"మనవాళ్లను వాళ్ల వెనక తోలి మనం ఇంట్లో కూర్చుంటామా అన్నా? నేను ముందుంటే, చేతనైనంతవరకు ఎవరినీ చావనివ్వను. అవతలివాళ్లను కూడా" అన్నాడు. వంగి అన్న పాదాలకు మొక్కి వెళ్లిపోయాడు.

తెల్లవారుజామున ఏటిమీద పొగమంచు. ఎదటి మనిషి ముఖం ఎదటి మనిషికి కనబడలేదు. పొద్దెక్కి మంచు విడిపోయేసరికి చిలకేరు ఎర్రగా పారింది. రెండు గట్ల మీదా సామ్రాజ్యాల సైనికులు చేతులు కట్టుకుని చూస్తూ ఉన్నారు.

ఆ మధ్యాహ్నం ఎగువనుంచి ఒక పడవ వచ్చింది. మైలమదేవి తానే పడవ ముందు కూర్చుని ఉంది. ఇన్నేళ్లుగా రాని ఆ గుమ్మానికి ఆమె వచ్చింది. సోమిదేవుడి తల ఆమె ఒళ్లో ఉంది.

గోకర్ణదేవుడు నీళ్లలోకి నడిచి పడవ అంచు పట్టుకున్నాడు.

"బావా, సోమిడిని పొడిచింది మా తేనె పట్టేవాడు" అంది మైలమదేవి. "వాళ్లింట్లో సోమిడు ఎన్నిసార్లు అన్నం తిన్నాడో నీకు తెలియదు. మంచులో పోల్చుకోలేకపోయాడు. పోల్చుకున్నాక ఈటె పారేసి, పక్కనే కూర్చుండిపోయాడు. వజ్రకూటంవాళ్లు కొరడాలతో కొట్టినా లేవలేదు. ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు."

గోకర్ణదేవుడు తమ్ముడి తడిసిన జుట్టు వెనక్కి దువ్వాడు. మళ్లీ దువ్వాడు.

"మైలమా, నువ్వు కబురు పెట్టిన మొదటిసారే నేను రావలసింది."

"నేను కూడా తూము తెరిచిన రోజే రావలసింది. తప్పు మాదని తెలుసు. చెప్పడానికి నామోషీ పడ్డాను. ఇప్పుడు ఏడ్చి ఏం లాభం? నాతో వస్తావా? మన మనుషులను ఇద్దరం వెనక్కి పిలుద్దాం. రేవులో మొగతీరంవాళ్లు ఓడలకు సరుకు మోయడం మానేస్తారు. ఇప్పటికైనా చేద్దాం."

"వస్తాను. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను" అన్నాడు గోకర్ణదేవుడు.

కాని అప్పటికే ఆలస్యమైపోయింది. సోమిదేవుడి దినాలు కాకముందే, ఏటి నడిమి ఇసుకతిన్నె మీద పట్టుగుడారం వెలిసింది. రెండు సామ్రాజ్యాలూ సంధి మాట్లాడుకుంటున్నాయని తెలిసి గోకర్ణదేవుడు పరుగున వెళ్లాడు. గుమ్మంలో కాపలావాడు ఆపాడు.

"లోపల పెద్దలు మాట్లాడుకుంటున్నారు."

ఎండలో కాలే ఇసుక మీద రాజు నిలబడ్డాడు. లోపలినుంచి విందు వాసనలు వచ్చాయి. నవ్వులు వినిపించాయి. చాలాసేపటికి రాయబారీ నౌకాధిపతీ ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని బయటికి వచ్చారు.

"అయ్యా, నా రాజ్యం మాట ఏమైంది?" అని అడిగాడు గోకర్ణదేవుడు.

నౌకాధిపతి ఆశ్చర్యంగా చూశాడు. "ఇంతసేపూ మాట్లాడుకున్నది అదే కదా! ఈ ఏరే హద్దు. తూర్పుగట్టూ కొండలూ వారివి. పడమటి గట్టూ రేవూ మావి. మీ కోట మా వైపే ఉంది, మీరు నిశ్చింతగా ఉండవచ్చు."

"సంధిలో పైడిపాయ పేరు ఉందా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఆ అవసరం రాలేదు" అన్నాడు రాయబారి.

అలా పైడిపాయ రెండు ముక్కలైంది. ఏ ఇంట చూసినా అన్న ఒక గట్టున, చెల్లెలు ఇంకొక గట్టున ఉండిపోయారు. ఏరు దాటినవాణ్ణి రెండు వైపులవాళ్లూ కొట్టారు. గోకర్ణదేవుడు కోటలో రాజనే పేరుతో బతికాడు. ప్రతి సాయంత్రం గట్టుకు వచ్చి కూర్చుని అవతలి పొలాలకేసి చూసేవాడు. కోతలు వచ్చేవి, పోయేవి. కొత్త వడ్ల వాసన గాలికి ఇటు వచ్చేది గాని, దోసిట పట్టడానికి ఆయన వెళ్లలేకపోయాడు.

ఒకనాడు బొల్లనమంత్రి కర్ర ఊతంగా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ అవతలి పొలాలకేసి చూశారు. ఆ ముసలాయన పోయేదాకా రోజూ వచ్చి అలాగే కూర్చునేవాడు.

కాలం ఎవరి కోసం ఆగుతుంది? వజ్రకూటంలో రాకుమారులు సింహాసనం కోసం కొట్టుకున్నారు. చక్రవర్తి దండును ఇంటికి పిలిపించుకున్నాడు. శంఖద్వీపానికి కడలి అవతల ఇంకొక కొత్త పోటీదారు పుట్టింది. ఓడలన్నీ అటు మళ్లాయి. ఏ బాజా లేకుండా, ఏ మాటా చెప్పకుండా రెండు దండులూ వెళ్లిపోయాయి. వాళ్లకు ఈ ఏరు అంత ముఖ్యమైనది కాకుండా పోయింది, అంతే.

మైలమదేవీ, గోకర్ణదేవుడూ, మొగతీరం నాయకుడి కొడుకూ ఒకచోట కూర్చున్నారు. కనుమ ఎవరు కాయాలి, రేవు ఎవరు చూడాలి, ఎండాకాలంలో తూము ఎప్పుడు తెరవాలి, అన్నీ ఒక్క పూటలో తేల్చుకున్నారు. అంత సులువుగా తేలిపోయేసరికి ముగ్గురికీ నవ్వు రాలేదు.

మర్నాడు గోకర్ణదేవుడు పడవెక్కి తూర్పుగట్టుకు వెళ్లాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. కిరీటం లేదు. ఒక ఇంటి ముందు చిన్న వయసు ఇల్లాలు చేటతో బియ్యం చెరుగుతోంది. ఆయన ఆగి మంచినీళ్లు అడిగాడు.

ఆమె గబగబా లేచి, చెంబు తోమి, నీళ్లు తెచ్చి రెండు చేతులతో అందించింది.

"ఏ దేశం తాతా మీది?" అని అడిగింది. ఆమె మాటలో వజ్రకూటం యాస ఉంది.

"పైడిపాయ తల్లీ."

"అయ్యో, అవతలి గట్టువాళ్లా!" అని ఒక అడుగు వెనక్కి వేసింది. "ఏమీ అనుకోకండి. అవతలివాళ్లు మమ్మల్ని అమ్ముకున్నారని మా అత్తగారు చెప్పేది. మీరు పెద్దవారు, మీకేం సంబంధం లెండి. తాగండి."

"ఇది కూడా పైడిపాయేనమ్మా."

ఆమె అర్థం కానట్టు చూసింది. "కాదు తాతా. మాది తూర్పుగట్టు" అంది మెల్లగా, దారి తప్పినవాడికి చెప్పినట్టు.

గోకర్ణదేవుడు నీళ్లు తాగి చెంబు ఇచ్చాడు. ఆమె చూపిన మర్యాదలో లోటేమీ లేదు. అయినవాళ్లకు ఎవరూ అంత మర్యాద చెయ్యరు.

తిరిగి పడవ దగ్గరికి వస్తే మైలమదేవి అక్కడ కూర్చుని ఉంది. ఆమెకు జరిగింది చెప్పాడు.

"గీత గీసినవాళ్లు పోయారు. గీత పోలేదు" అన్నాడు. "ఇది చెరగడానికి మన ఆయువు చాలుతుందా, మైలమా?"

"చాలదు బావా. అయినా మొదలుపెట్టాలి."

ఇద్దరూ మొదలుపెట్టారు. ఊరూరా తిరిగి రెండు గట్లకూ ఒకే కుంచం పెట్టారు. ఇటు పిల్లను అటు, అటు పిల్లను ఇటు ఇచ్చి పెళ్లిళ్లు చేయించారు. కొన్ని కుదిరాయి, కొన్ని చెడ్డాయి. తూర్పుగట్టువాళ్లు ఆయనను మళ్లీ మా రాజు అనేలోగానే గోకర్ణదేవుడు కన్నుమూశాడు.

కాబట్టి పిల్లలూ, తెలుసుకోండి: సాటివాడి ముందు ఒక మెట్టు దిగడానికి సిగ్గుపడి బలవంతుణ్ణి ఇంటికి పిలిచినవాడు, ఇల్లూ పోగొట్టుకుంటాడు, ఇంట్లోవాళ్లనూ పోగొట్టుకుంటాడు, ఇల్లు ఏనాడైనా తిరిగి రావచ్చు గాని, మనుషులు తిరిగి రారు.